చెప్పులు విప్పి ఎక్కే కారు

ఆ కారు ఎక్కాలంటే చెప్పులు బయట విప్పాలి. ఆ రూలు కారు కొన్నాయన పెట్టింది కాదు, నేను పెట్టింది. లారీ తోలినన్నాళ్ళూ నేను వట్టి కాళ్ళతోనే తోలాను. మా పల్నాడులో పాత డ్రైవర్లు చాలామంది అంతే. చెప్పులు సీటు కిందకు నెట్టి అరికాలితో పెడలు తొక్కేవాళ్ళం. కూడు పెట్టే బండిని చెప్పుతో తొక్కకూడదని కొందరు అనేవాళ్ళు. నా లెక్క వేరు. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో, బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో చెప్పుకు తెలియదు. కాలికి తెలుస్తుంది.

ఇప్పుడు నా కాలికి కూడా తెలియదు. తెలియకుండా పోయాక ఆ కారు తోలాలా మానాలా అన్నదే ఈ రాతంతా.

కారు నాది కాదు, ప్రెసిడెంటుది. ఆయన ఒకప్పుడు మా గురజాల పక్క ఊరికి సర్పంచి. పదవి పోయి చాలా కాలమైంది. అయినా మా వైపు ఒకసారి ప్రెసిడెంటు అయితే ఇక చచ్చేదాకా ప్రెసిడెంటే. ఎన్నికల్లో ఓడిపోయిన ఏడాది హైదరాబాదు వెళ్ళి, ఎవరి గోడ పక్కనో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడున్న ఆ ఎర్ర కారును కొని, లారీ మీద ఎక్కించుకుని తెచ్చాడు. ఎప్పుడో మా పెళ్ళిళ్ళ నాటి విదేశీ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. ఎత్తు నా నడుం దాకా కూడా లేదు. ముందుభాగం బారెడు, వెనక జానెడు. పందెంలో పరిగెత్తడానికి చేసిన బండి.

లారీ మీద నుంచి దించుతుంటే ఊరంతా చేరింది.

"ఏంది ప్రెసిడెంటు గారూ, సగం కారే తెచ్చారు? మిగతా సగం రేపొచ్చిద్దా?" అన్నాడొకడు.

"మిగతా సగం తోలేవాడు. అడుగో, ఆడ నిలబడ్డాడు" అని ప్రెసిడెంటు నన్ను చూపించాడు.

అప్పటికి నేను లారీలు మానేసి బస్టాండు రోడ్డులో చిన్న మెకానిక్ షెడ్డు పెట్టుకుని ఉన్నాను. నలుగురిలో ఆయన్ని ప్రెసిడెంటు గారూ అంటాను, ఆయన నన్ను సాయిబూ అంటాడు. కారులోనో గోడౌనులోనో ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం బావా, బావా అనుకుంటాం. ఎందుకట్లా మొదలైందో గుర్తులేదు.

ఆయన పత్తి గోడౌనులో ఒక మూల ఆ కారును విప్పాను. బాగు కావడానికి చాలా కాలం పట్టింది. దానికి మూడు కార్బురేటర్లు. మూడూ సమంగా గాలి పీల్చాలి, ఒకటి వెనకబడితే ఇంజను కుంటుతుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి ఆ బుసను బట్టి సరిచేసేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక కూడా చెవిలో అదే బుస.

తోలడం ఇంకో సంగతి. ఇప్పటి కార్లలో బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఇందులో ఒంటి బరువంతా మనమే వేయాలి. స్టీరింగు ఆగి ఉన్నప్పుడు రాయి, వేగం అందుకున్నాక వేలితో తిరుగుతుంది. రోడ్డు మీద చిన్న గులకరాయి ఎక్కినా అరచేతికి చెబుతుంది. నెమ్మదిగా పోతే ఇంజను అలిగినట్టు దగ్గుతుంది. ఇంజను చుట్లు చూపే డయల్ మీద ముల్లు సగం దాటాక గొంతు మారుతుంది. అప్పుడు వీపు వెళ్ళి సీటుకు అతుక్కుంటుంది, కడుపు ఒక క్షణం వెనక ఉండిపోయి తర్వాత వచ్చి కలుస్తుంది. లారీలో ఇన్నేళ్ళలో అది నేనెరగను.

అది మలుపుల్లో మోసం చేస్తుంది. మలుపు మధ్యలో భయమేసి యాక్సిలేటర్ మీంచి కాలు తీశామంటే వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి, తోక ముందుకొస్తానంటుంది. భయమేసినప్పుడు కాలు తీయకుండా ఉండాలి. మొదటి ఎండాకాలంలో దాచేపల్లి వైపు ఒక మలుపులో తీశాను. కారు రోడ్డు మీద గిర్రున తిరిగి, మేం వచ్చిన దిక్కుకే మొహం పెట్టి, మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన ఆగింది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఏం సాయిబు మామా, ఇంటికాడ ఏమన్నా మర్చిపోయొచ్చావా, ఎనక్కి తిప్పావు?" అంది ఒకామె.

ప్రెసిడెంటు రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని ఉన్నాడు. ఊపిరి తిరిగాక, "బావా, ఇంకోసారి తిప్పు" అన్నాడు.

మా పెద్ద శత్రువులు స్పీడు బ్రేకర్లు. మా ఊళ్ళ వాళ్ళు ఎవరికి వాళ్ళు వేసుకుంటారు, గట్టు పోసినట్టు. కారు కడుపు తగులుతుందని ప్రెసిడెంటు ప్రతి పెద్ద గట్టు దగ్గరా దిగి, నడిచి దాటి, మళ్ళీ ఎక్కేవాడు. ఆ కారులోంచి దిగడమంటే బావిలోంచి పైకొచ్చినట్టు. అరుగుల మీద వాళ్ళకు అదొక వినోదం. "నడిచే భాగ్యానికి కారెందుకు ప్రెసిడెంటు గారూ" అనేవాళ్ళు. "కాళ్ళు పట్టేస్తయ్యిరా, మధ్యలో సాగదీసుకుంటన్నా" అనేవాడు.

అన్నిటికంటే కష్టమైంది గేరు దించడం. మలుపు ముందు కుడికాలు ఒక్కటే రెండు పనులు చేయాలి. బొటనవేలి మొదలు బ్రేకు మీద ఉంటుంది, అదే సమయంలో కింది గేరుకు సరిపడా ఇంజను వేగం పెరిగేట్టు చిటికెనవేలి అంచుతో యాక్సిలేటర్‌ను ఒక్కసారి తట్టి వదలాలి. మడమ నేల మీద ఇరుసులా తిరుగుతుంటుంది. ఎడమకాలు క్లచ్ నొక్కి వదిలి మళ్ళీ నొక్కుతుంది. పాత లారీల్లో డబుల్ క్లచ్ కొట్టిన అలవాటు ఉంది కాబట్టి ఎడమకాలు తొందరగానే నేర్చుకుంది. కుడికాలికి మాత్రం ఏడాది పట్టింది. కుదిరిన రోజున గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు పడింది, చప్పుడే లేదు. ప్రెసిడెంటుకు అర్థమై నా తొడ మీద చరిచాడు. చెప్పులు వేసుకుని ఉంటే అది నాకు ఎప్పటికీ వచ్చేది కాదు.

మా ఇంటామె ఆ కారును సవతి అనేది. "ఎర్రదాని దగ్గరికేనా?" అని అడిగి అన్నం గిన్నె మీద మూత పెట్టేది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే, అదీ నాకు ఏభై దాటాక. టైరు మీద గుర్తు పెట్టే సుద్దముక్కతో షెడ్డు గచ్చు మీద రాసి దిద్దించింది. ఆలస్యంగా నేర్చినవాణ్ణి, చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. ఆమె చనిపోయింది. జ్వరమన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు, తర్వాత తీసుకుపొమ్మన్నారు.

నాకు ఏడుపు రాలేదు. మట్టి ఇచ్చి వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నా మొహంలో ఏదో వెతికి, కనపడక, పక్కకు చూసేవాళ్ళు. గుండె రాయి చేసుకున్నాడన్నారు. నేను ఏమీ చేసుకోలేదు. అన్నం తింటే ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. షెడ్డు మూసేశాను. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక ప్రెసిడెంటు వచ్చి, "దాన్ని ఒకసారి బయటికి తీయి బావా, బ్యాటరీ చచ్చిపోద్ది" అన్నాడు. వెళ్ళి తీశాను. రెంటచింతల దాటిన తర్వాత తిన్నగా ఉన్న రోడ్డు మీద ముల్లు సగం దాటినప్పుడు, కడుపు వెనక ఉండిపోయి తర్వాత వచ్చి కలిసింది. ఆ కాలమంతటిలో నాలో కదిలింది అదొక్కటే. అప్పటి నుంచి వారం వారం వెళ్ళాను.

కాళ్ళ సంగతి మసీదులో బయటపడింది. నమాజుకు ముందు వజూ చేయాలి, చేతులూ మొహం కాళ్ళూ కడుక్కోవాలి. చలికాలం పొద్దున తొట్టిలో నీళ్ళు కోస్తున్నాయి. పక్కవాళ్ళు కాళ్ళ మీద నీళ్ళు పడగానే వణుకుతున్నారు. నాకు చేతుల మీద చల్లగా ఉంది, కాళ్ళ మీద ఏమీ లేదు. ఎవరి కాళ్ళనో కడుగుతున్నట్టుంది. సుగర్ ఉందని తెలుసు, మాత్రలు మింగుతున్నాను. ఇది మాత్రం కొత్త.

నరసరావుపేటలో డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. కళ్ళు మూసుకోమంది.

"అరికాళ్ళకు సన్న తీగ ఆనిస్తాను. తగిలినప్పుడల్లా చెప్పండి పెద్దాయనా."

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపైంది.

"మొదలుపెట్టమ్మా" అన్నాను.

"అయిపోయింది" అంది.

ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమంది. వట్టి కాళ్ళతో ఒక్క అడుగు కూడా వద్దంది. పడుకునే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకోమంది. నేను కారు సంగతి చెప్పి, తోలొచ్చా అని అడిగాను.

"ఎంత తొక్కుతున్నారో మీకే తెలియనప్పుడు ఎట్లా తోలతారు?"

"చెవితో" అన్నాను.

ఆమె నవ్వలేదు. వద్దంది.

తిరిగొచ్చి గోడౌనులో ప్రెసిడెంటుకు చెప్పాను.

"బావా, నా కాళ్ళు చచ్చినయ్. తోలొద్దంది."

"పూర్తిగానా, సగమా?"

"వేళ్ళ నుంచి మడమ దాకా. పైన బానే ఉంది."

"నా మోకాళ్ళు చూడు, ఆపరేషన్ చేసి రెండిట్లోనూ ఇనుము పెట్టారు. ఇనుముకు ఏం తెలుసుద్ది? నేను నడవట్లా?"

"నువ్వు నడిస్తే నువ్వే పడతావు. నేను తోలితే ఇద్దరం పోతాం."

ఆయన కారు తలుపు మీద చెయ్యి వేశాడు. "పక్కన కూర్చునేది నేను. నాకు భయం లేదు. నీకుందా?"

లేదన్నాను. నిజంగానే లేదు.

చెవితో తోలడం అబద్ధమేం కాదు. క్లచ్ అందుకునేటప్పుడు ఇంజను గొంతు కొంచెం దిగుతుంది. బ్రేకు పడితే ముక్కు వంగుతుంది, అది నడుముకు తెలుస్తుంది. అట్లా కొంతకాలం గడిపాను. కానీ కుడికాలి పని కుదరలేదు. చిటికెనవేలు యాక్సిలేటర్‌ను తాకిందో లేదో ఇంజను చెప్పేదాకా తెలియదు, ఇంజను చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. గేరు పళ్ళు కొరుక్కున్నట్టు గర్రుమనేది. ప్రెసిడెంటు కిటికీలోంచి బయటకు చూసేవాడు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. కాలికీ ఇనుముకూ మధ్య ఏ అడ్డమూ లేకపోతే కొంతన్నా తెలుస్తుందనుకున్నాను. పెడళ్ళ మీది రబ్బరు తొడుగులు పీకేశాను. కాళ్ళ కింద తివాచీ తీసేశాను. తివాచీ కింద మందపాటి అట్ట ఒకటుంది, అదీ తీసేశాను. ఆ అట్ట ఎందుకుందో నాకు తెలుసు. ఆ కారులో పొగగొట్టాలు ఇంజను పక్కనుంచి దిగి సరిగ్గా డ్రైవరు కుడికాలి కింద నుంచి వెనక్కి పోతాయి. వేడి పైకి రాకుండా అడ్డం పెట్టిందది. వేడి ఎక్కువైతే కాలు తీస్తానులే అనుకున్నాను. చెప్పులు విప్పి తోలినవాళ్ళమంతా అట్లాగే అనుకుంటాం. కాలు కాలితే కాలే చెబుతుంది కదా.

తీసేశాక నిజంగానే కొంచెం తెలిసినట్టనిపించింది. ఏదో సన్నగా, దూరంగా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. లేక తెలుస్తుందని నేనే అనుకున్నానేమో.

ఎండలు ముదిరాక ఒకనాడు పొద్దున్నే బయలుదేరాం. రెంటచింతలలో అప్పటికే రోడ్డు మీద ఎవరూ లేరు. ఆ ఊరి ఎండ సంగతి ఏటా పేపర్లలో వస్తుంది. మాచర్ల దాటి సాగర్ వైపు గుట్టల్లో మలుపులు పట్టుకున్నాం. ఆ పూట అన్నీ కుదిరాయి. మొదటి మలుపు ముందు బ్రేకు, చిటికెనవేలు, క్లచ్, గేరు. చప్పుడు లేదు. రెండో మలుపులోనూ లేదు. మలుపు మధ్యలో తోక కొంచెం కదిలింది. కాలు తీయలేదు. కారు నడుం వంచి, సర్దుకుని, ముందుకు దూకింది. గుట్టల రాళ్ళ మీద నుంచి దాని కేక తిరిగి మా మీదకే వచ్చింది. ప్రెసిడెంటు నోరు తెరిచి నవ్వుతున్నాడు, నవ్వు వినపడటంలేదు. నా కడుపు వెనక ఉండిపోయింది, వచ్చి కలిసింది, మళ్ళీ ఉండిపోయింది. ఇంటామె గుర్తొచ్చింది. కళ్ళు తడవలేదు కానీ గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. పడనీ అనుకున్నాను. వెనక్కి తిప్పి అవే మలుపులు మళ్ళీ పట్టుకున్నాను.

తిరిగి మాచర్ల వస్తుంటే ప్రెసిడెంటు ముక్కు ఎగబీల్చాడు.

"బావా, ఏందో కాలుతున్న వాసన."

"క్లచ్ ప్లేటు. గట్టిగా వాడాంగా."

"క్లచ్ వాసన నాకు తెలీదా. ఇది వేరే. రబ్బరేమో?"

"రబ్బరు యాడుంది, మొత్తం పీకేశాగా."

ఇద్దరం నవ్వాం.

మాచర్లలో టీ కొట్టు ముందు ఆపాను. ఎప్పుడూ ఆగే కొట్టే. ప్రెసిడెంటు తిప్పలు పడి దిగాడు. నేను దిగి, కొట్టు ముందు పరిచిన నాపరాయి మీద నిలబడి, చెప్పుల కోసం సీటు వెనకకు చెయ్యి పెట్టాను. టీ పోస్తున్నామె నా కాళ్ళ వైపు చూసి గిన్నె దించేసింది.

"పెద్దనాయనా, కాలేంది అట్టా ఉంది?"

"ఎట్టా ఉంది?"

"అయ్యో, చూసుకోవయ్యా!"

చూశాను. మడమ తోలు లేదు. వేళ్ళ కింద పెద్ద బొబ్బలు లేచి పగిలి ఉన్నాయి. నాపరాయి మీద తడి అచ్చు పడింది. కారులోకి వంగి చూస్తే మడమ తోలు నేలరేకుకు అంటుకుని కనపడింది. నాకు నొప్పి లేదు. పక్కింటివాడి కాలు చూసినట్టు చూశాను. ప్రెసిడెంటు బెంచీ మీద కూలబడి, "వాసన నేను చెప్పాగా బావా, చెప్పాగా" అంటూనే ఉన్నాడు. టీ కొట్టామె మగ్గుతో నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు చల్లనివో వేడివో నాకు తెలియదు. ఆమె మొహం చూసి చల్లనివనుకున్నాను.

నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కారు టీ కొట్టు ముందే ఉండిపోయింది. తర్వాత ప్రెసిడెంటు లారీ మాట్లాడి, వచ్చినప్పటి లాగానే దాన్ని గోడౌనుకు చేర్చాడు.

సుగర్ ఒంట్లో పుండు మానదు. మడమ మానడానికి వానాకాలమంతా పట్టింది. చిటికెనవేలు మానక తీసేశారు. బ్రేకు తొక్కుతూ యాక్సిలేటర్‌ను తట్టే వేలు అది. తీసేటప్పుడు మత్తు పెద్దగా అక్కర్లేదన్నారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నరసరావుపేటలోనే ఉంటున్న నా కూతురు ఆ పని చేసింది.

"అమ్మ పోయినప్పుడు నీకు నొప్పి తెలీలా. కాలు కాలితే తెలీలా. నీకసలు ఏం తెలుసుద్ది నాయనా?"

కట్టు కడుతూనే అడిగింది. గుట్టల్లో గొంతుకు అడ్డం పడినదాని గురించి చెబుదామనుకున్నాను. ఎట్లా చెప్పాలో తెలియక, కట్టు గట్టిగా బిగించావేమో చూడమన్నాను.

"బిగిస్తే మాత్రం నీకేం తెలుసుద్దిలే" అని వదులు చేసింది.

వేలు తీసినచోట ఇంకా పూర్తిగా మానలేదు, ఇప్పుడు వజూలో కుడికాలు కడగను. కట్టు మీద తడిచేత్తో ఒకసారి తుడుస్తాను, అది చెల్లుతుంది. బూట్లు వేసుకుంటున్నాను. మెత్తటి లోపలి అట్టలున్న నల్ల బూట్లు, కూతురు కొన్నవి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయీ మేకూ ఉన్నాయేమో తడమాలి.

నడవగలిగాక గోడౌనుకు వెళ్ళాను. ముందు నేలరేకు గీకి శుభ్రం చేశాను. అట్ట మళ్ళీ పెట్టాను, తివాచీ పరిచాను. పెడళ్ళకు లారీ ట్యూబు కోసి తొడుగులు చేసి వేశాను. పీట మీద కూర్చుని చేయడం వల్ల ఆలస్యమైంది. ప్రెసిడెంటు పక్కన నిలబడి అందిస్తూ, "ఎవరికోసం ఇదంతా?" అన్నాడు. తోలేవాడికోసం అన్నాను. ఆయన కొడుకులు ఆ కారు ఎక్కరు, నడుం పడుతుందంటారు. కొంటామని ఒకరిద్దరు వచ్చి చూసి పోయారు. ఆయన అమ్మలేదు. నన్ను మళ్ళీ తోలమనీ అనలేదు.

వారానికోసారి ఇంజను తిప్పాలి, లేకపోతే కార్బురేటర్లు పట్టేస్తాయి. గోడౌను తలుపులు బార్లా తీస్తాం. న్యూట్రల్లో పెట్టి, నేను బయట నిలబడే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పుతాను. బానెట్ ఎత్తి, యాక్సిలేటర్ కడ్డీని వేళ్ళతో లాగుతాను. ఎడమ అరచేయి మడ్‌గార్డు మీద ఆనిస్తాను. అదురు చేతికి ఇంకా బాగానే తెలుస్తుంది. కాళ్ళ తర్వాత చేతులకు కూడా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా రాలేదు.

ప్రెసిడెంటు తన చెప్పులు బయట విప్పి, వంగి, మూలిగి, తన సీట్లో కూర్చుంటాడు. తలుపు వేసుకుంటాడు. మొన్న చెవి లెక్కన ముల్లు సగం దాటేదాకా లాగాను. గొంతు మారింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"బావా, రెంటచింతల దాటామా?" అని అరిచాడు.

"దాటాం."

"ఎండ తగల్లేదే?"

"నాకూ తగల్లేదు" అన్నాను.

ఇంకాసేపు లాగి, నెమ్మదిగా వదిలి, ఇంజను ఆపేశాను.